అలసటకి ఆరు గళ్ళు

ఆ బస్సు డిపో వెనక, అరిగిన టైర్ల గుట్ట పక్కన, డ్రైవర్ల విశ్రాంతి గది ఉంది. తలుపు మీద ఆ పేరు రాసినవాడెవడో గాని మంచి హాస్యప్రియుడై ఉండాలి. లోపల రెండు చెక్క బెంచీలు, మూడు కాళ్ళ మీద నిలబడి నాలుగోదానికి గోడను నమ్ముకున్న ఒక బీరువా, ఎండాకాలంలో వేణ్ణీళ్ళూ చలికాలంలో చన్నీళ్ళూ ఇచ్చే ఒక కుళాయి. మధ్యలో రెండు టైర్లు పడుకోబెట్టి, వాటి మీద ఊళ్ళ పేర్లు చెరిగిపోయిన పాత రూటు బోర్డు పరిచారు. అదే బల్ల. ఆ బల్ల మీద ఆరేళ్ళుగా రాజ్యాలు లేచి కూలిపోతున్నాయి.

తెల్లవారుజామున బస్సెక్కినవాళ్ళకు పదకొండుకి ఒక పూట పని తీరుతుంది. మళ్ళీ మూడింటికి ఎక్కాలి. ఇంటికి వెళ్ళి రావడానికి ఆ నాలుగు గంటలు చాలవు. నిద్రపోదామంటే ఆ బెంచీలు చాలవు. అందుకని ఆట పెట్టుకున్నారు. పేకాట కాదు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. గోడ దూకుతానంటే దూకావో పడ్డావో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. దూకడం ఎంత కష్టమో, పడితే ఏ ఎముక విరుగుతుందో నియమాల పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం మారితే కథ మారిపోతుంది. ఒక పుస్తకంలో గోడ దూకినవాడు వీరుడు. ఇంకో పుస్తకంలో వాడే కాలికి కట్టు కట్టుకుని మూడు వారాలు మంచం మీద ఉంటాడు.

కథ నడిపేది చార్టు గుమస్తా. డిపోలో ఏ బస్సు ఏ పూట ఎవరు తోలాలో వారం వారం పసుపు కాగితం మీద గళ్ళు కొట్టి రాసేది ఆయనే. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు, మధ్యలో పెన్సిలు మొన నాలిక మీద తడుపుకోవడం. ఆయన నాలిక చివర ఊదారంగులో ఉంటుందనీ, డాక్టరు చూసి జడుసుకున్నాడనీ డిపోలో చెప్పుకుంటారు. డాక్టరు సంగతి అబద్ధం. నాలిక సంగతి నిజం.

ఆడేవాళ్ళు ముగ్గురు. ఒకాయన అందరికన్నా సీనియర్ డ్రైవరు. ఆటలో ఎప్పుడూ దండు నాయకుడే కావడంతో ఆ పేరే స్థిరపడి, ఇంట్లో ఆయన భార్య కూడా కెప్టెన్ అనే పిలుస్తుందని వినికిడి. రెండోవాడు మెకానిక్కు, పానా అంటారు. మూడో మనిషి డ్రైవరమ్మ. ఆమె ఆటలో కాగడా మోసే సిపాయి. గుహలో అందరికంటే ముందు నడిచేవాడు వాడే, పంపకంలో అందరికంటే చివర నిలబడేవాడు వాడే. బల్ల మీద కెప్టెన్‌కి గుర్తు మెరిసే ఇత్తడి బోల్టు, పానాకి నట్టు. కాగడా సిపాయికి గుర్తు కాలిపోయిన ఇండికేటర్ బల్బు. అది పానా వేళాకోళం. ఆమే నవ్వి ఉండనిచ్చింది.

ఆరేళ్ళ గుహల కథ పోయిన నెలతో ముగిసింది. ఇప్పుడు పటాలం కథ మొదలుపెట్టాలి. ఒక సైన్యం, కొండ కనుమలు, మంత్రగాళ్ళు, నిద్రపోతున్న డ్రాగన్లు. పాత పుస్తకం దొంగతనాలకే గాని దండయాత్రలకు పనికిరాదని తేలింది. గుమస్తా ఎక్కడెక్కడో అడిగి మూడు కొత్త పుస్తకాలు తెచ్చాడు. ఒకే చిన్న కథను మూడింటిలోనూ ఒక్కొక్క మధ్యాహ్నం ఆడి చూసి, శుక్రవారం చేతులెత్తి తేల్చాలని అనుకున్నారు. ఏది గెలిస్తే దానితో ఇంకో ఆరేళ్ళు కాపురం. సంబంధం చూడ్డానికైనా ఇంత చూడరని పానా అన్నాడు.

పరీక్ష మొదలయ్యేది మంగళవారం. సోమవారం తెల్లారకముందే ఇంకోటి జరిగింది.

నాలుగున్నర బస్సు గేటు దాటుతూ ఎడమవైపు అద్దాన్ని గేటు స్తంభానికి కొట్టుకుంది. అద్దం పగిలింది, ఎవరికీ ఏమీ కాలేదు. తోలుతున్నది డ్రైవరమ్మ. రెండు వారాల కిందట ఒక మలుపులో వెనక చక్రం అరుగు రాయిని ఒరుసుకున్నప్పుడే ఆమెకు ఒక నోటీసు అందింది. ఇది రెండోది. రెండో దాంట్లో కూడా తప్పు ఆమెదేనని తేలితే స్టీరింగు తీసేసుకుని బస్సులు కడిగే షెడ్డులో వేస్తారు. ఆ స్టీరింగు పట్టుకోవడానికి ఆమె ఆరేళ్ళు టిక్కెట్లు కోసింది.

ప్రమాదం ఫారం నింపేది కూడా గుమస్తాయే. కారణం అన్నచోట నాలుగు గళ్ళు అచ్చయి ఉంటాయి. బ్రేకు, టైరు, స్టీరింగు, నిర్లక్ష్యం. మొదటి మూడూ బాగున్నాయని పానా సంతకం పెట్టి ఇచ్చాడు. ఇక మిగిలింది ఒకటే. గుమస్తా ఆ గడిలో పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి, సిరాతో దిద్దడం శుక్రవారానికి ఉంచుకున్నాడు. శుక్రవారం సాయంత్రం అది మేనేజరు బల్ల మీద ఉండాలి.

ఆమె గుమస్తా గది కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా, చేతిలో పగిలిన అద్దం ఫ్రేము. ఏమైందమ్మా అని అడిగాడు.

"స్తంభం కనపడింది బాబాయ్. చేతులకే కాస్త ఆలస్యంగా తెలిసింది."

ఫారంలో రాసే మాట కాదని ఆయన దాన్ని రాసుకోలేదు. వచ్చే వారం చార్టులో శనివారం ఆఖరి బస్సు, ఆదివారం మొదటి బస్సు ఆమెకే వేశానని చెప్పాడు. కెప్టెన్‌కి నడుం నొప్పి సర్టిఫికెట్టు ఉంది. ఇంకొకాయనకు మేనేజరు బామ్మర్దితో పరిచయం ఉంది. మరొకాయన అయితే కిటికీ ఊచలు పట్టుకుని గంటసేపు వాదిస్తాడు. ఆమె ఒక్క మాటే అంటుంది.

"సరేలెండి."

ఆ మాట అన్నందుకు ఆయనకు లోపల ఎంతో కృతజ్ఞతగా ఉండేది. ఆ కృతజ్ఞతతోనే పై వారం కూడా ఆమెకే వేసేవాడు.

మంగళవారం మొదటి పుస్తకం. దాన్ని గుమస్తా సంచిలోంచి తీసి బల్ల మీద పెడితే రూటు బోర్డు ఒక పక్కకు ఒరిగింది. దాన్ని అచ్చు వేయడానికి ఒక చిన్న అడవి నరికి ఉంటారని పానా లెక్క కట్టాడు. అందులో లేని పట్టిక లేదు. ఏ తోలు బూటు ఎన్ని మైళ్ళు వస్తుంది, గుర్రం నాడా ఏ నేల మీద ఎప్పుడు ఊడుతుంది, పై అధికారి ఎదురైతే ఏ హోదావాడు ఎన్ని అడుగుల దూరంలో సలాం కొట్టాలి. కథ చిన్నదే. ఒక దండు ధాన్యం బళ్ళు తోలుకుంటూ మూడు రోజులు నడిచి కనుమ దాటాలి. కనుమలో డ్రాగన్ పడుకుని ఉంది. మూడో రాత్రి గడిచి తెల్లవారగానే అది లేస్తుంది. అప్పుడు యుద్ధం.

పదకొండున్నరకు కూర్చున్నారు. ఒంటిగంటకు బళ్ళ ఇరుసులకు ఎంత కందెన కావాలో తేలింది. రెండుంపావుకి దండు కోట గుమ్మం దాకా వచ్చింది. అక్కడ కావలివాడికి చూపించాల్సిన చీటీ మీద ముద్ర లేదని పట్టికలో వచ్చింది. మూడు కొట్టేసరికి దండు ఇంకా గుమ్మంలోనే ఉంది. కొండ మీద డ్రాగన్‌కి ఇంకో కునుకు కలిసొచ్చింది.

కెప్టెన్‌కి మాత్రం ఆ పుస్తకం మహా నచ్చింది. అందులో పతకాల పట్టిక పద్నాలుగు పేజీలుంది. దండు ఏ పని చేసినా సగం పేరు నాయకుడికి పోతుందని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఆయన ఆ పేజీ మూల చెవిలా మడిచాడు. పుస్తకం అరువు తెచ్చింది గనక గుమస్తా ఆ చెవిని మళ్ళీ గోటితో సరిచేశాడు.

డ్రైవరమ్మ ఆ పూట మూడు మాటలు కూడా మాట్లాడలేదు. ఆ రోజు ఆమెకు ఆఖరి బస్సు. పని మొదలయ్యేది మూడింటికే అయినా, వాళ్ళ ఇంటి దగ్గర పదకొండు గంటల బస్సు తప్పితే మధ్యాహ్నానికి ఇంకోటి లేదు. బస్సులు తోలే మనిషికి బస్సు దొరకదు. తన వంతు వచ్చినప్పుడు పాచిక వేసేది. ఏం పడిందో పానా చదివి చెప్పాల్సి వచ్చింది.

బుధవారం రెండో పుస్తకం. పుస్తకమనకూడదు. పద్నాలుగు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. మొత్తం నియమం మొదటి పేజీలోనే అయిపోయింది. నువ్వేం చేద్దామనుకుంటున్నావో గొంతెత్తి చెప్పు, పాచిక వెయ్యి, పది దాటితే అయింది, దాటకపోతే ఎందుకు కాలేదో నువ్వే చెప్పు. మిగతా పదమూడు పేజీల్లో బొమ్మలు.

దండు నలభై నిమిషాల్లో కనుమ చేరింది. దారిలో పానా ఒంటి చేత్తో బండిని భుజాన వేసుకుని నది దాటించాడు. నది మధ్యలో ఆగి మీసం కూడా దువ్వుకున్నానన్నాడు. పాచిక పద్దెనిమిది పడింది గనక దువ్వుకున్నట్టే. డ్రాగన్ లేచింది. కెప్టెన్ కత్తి దూస్తే రెండు పడి, ఒరలోంచి కత్తికి బదులు పిడి ఒక్కటే వచ్చింది. అప్పుడు డ్రైవరమ్మ బెంచీ మీద కాస్త ముందుకు జరిగింది.

"నా సిపాయి దాని తోక పట్టుకుని పైకి పాకుతాడు. వీపు మీద కూర్చుంటాడు. కాగడా దాని రెండు కొమ్ముల మధ్య పాతి, చెవులు స్టీరింగులా తిప్పుతూ తోలుకుపోతాడు."

"ఎక్కడికి?" అన్నాడు గుమస్తా.

"ఎక్కడికైనా బాబాయ్. ఆ రూటుకి స్టాపుల్లేవు."

పాచిక దొర్లి దొర్లి బోర్డు అంచున ఆగింది. ఇరవై. ఆమె నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. ముందు పళ్ళు కనిపించి, వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా ఆ గదిలో ఆ నవ్వు విని చాలా రోజులైంది. పానా బల్బు తీసి డ్రాగన్ గుర్తుగా పెట్టిన విరిగిన వైపరు మీద నిలబెట్టి, బల్లంతా ఒక చుట్టు తిప్పాడు.

గుమస్తాకి ఆ పుస్తకం నచ్చలేదు. ఇది సైన్యం కాదు, అరుగు మీద కోతలు అన్నాడు. సైన్యమంటే క్రమం ఉండాలి, కాపలా ఉండాలి, ఎవరు ఎప్పుడు నడవాలో ఎప్పుడు పడుకోవాలో ఒక చార్టు ఉండాలి. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూసి, రేపటి పుస్తకంలో చార్టు ఉందని అందరికీ అర్థమైంది.

గురువారం నీలం అట్ట పుస్తకం. మరీ లావు కాదు, మరీ పలచన కాదు. గుమస్తా ముందు రోజే రెండుసార్లు చదివి వచ్చాడు. ఆ పుస్తకం రాసినవాళ్ళు ఎప్పుడో ఎక్కడో నిజంగా మూటలు మోసినవాళ్ళని ఆయన నమ్మకం. అందులో కత్తులకు ఒక పేజీ, మంత్రాలకు ఒక పేజీ, నడకకూ కాపలాకూ నిద్రకూ పదహారు పేజీలు. ప్రతి సిపాయికీ ఆరు గళ్ళు ఉంటాయి. దండుకి ముందు నడిస్తే ఒక గడి నింపాలి. తెల్లవారుజాము కాపలా కాస్తే ఇంకో గడి. రాత్రి చివరిదాకా నిద్రపోతే అన్నీ చెరిపేయొచ్చు. ఆరూ నిండితే సిపాయి ఎక్కడ నిలబడ్డాడో అక్కడే కూలిపోతాడు. వాడు ఎంత వీరుడన్నది పుస్తకం అడగదు.

దండుకి ముగ్గురు వీరులతో పాటు ఇంకో తొమ్మండుగురు సిపాయిలు. పన్నెండు మందికి మూడు రోజుల నడకా, కాపలా. గుమస్తా సంచిలోంచి పాత చార్టు కాగితం ఒకటి తీశాడు. పోయిన నెలది, వెనక వైపు ఖాళీ. పెన్సిలు మొన తడుపుకుని పన్నెండు పేర్లు రాసి, చకచకా గళ్ళలో గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. ఆ పని చేసేటప్పుడు ఆయన చెయ్యి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కళ్ళు మూసుకుని కూడా రాయగలడని అంటారు. ఆ రోజు కళ్ళు తెరుచుకునే రాశాడు, అయినా మూసుకున్నట్టే రాశాడు.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు వాన కురిసింది, బండి దిగబడింది, లాగారు. ఆట బాగా కుదిరింది. అడుగు పెడితే బురద చప్పుడు వినిపిస్తున్నంత బాగుంది. పానా వేళాకోళం మాని నట్టుని జాగ్రత్తగా జరుపుతున్నాడు. కెప్టెన్ కూడా పతకాల ఊసెత్తలేదు. మూడో రోజూ నడిచారు, మూడో రాత్రి గడిచి తెల్లవారింది. కొండ మీద రాళ్ళు కదిలాయి. డ్రాగన్ ఒక కన్ను తెరిచిందని గుమస్తా గొంతు తగ్గించి చెప్పాడు. ఎవరెవరు ఏం చేస్తారని అడిగాడు.

డ్రైవరమ్మ తన కాగితం చూసుకుంటోంది. వేలితో ఒకటి, రెండు, మూడు అని గళ్ళు లెక్కపెట్టుకుంది. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది.

"నా వాడు పడిపోయాడు బాబాయ్," అంది. "ఆరూ నిండాయ్."

ఇంకా ఒక బాణం కూడా పడలేదు కదా అని కెప్టెన్ ఆశ్చర్యపోయాడు. లెక్క తప్పుంటుందని గుమస్తా అన్నాడు. ఆమె కాగితం తీసుకుని చూశాడు. తప్పు లేదు. మూడు రోజులూ దండుకి ముందు నడిచింది కాగడా సిపాయే. మూడు రాత్రులూ తెల్లవారుజాము కాపలా కాసిందీ వాడే. చెరపడానికి ఒక్క నిద్ర కూడా లేదు. మిగతా పదకొండు మందికీ ఒకటి, రెండు, అంతకు మించి గుర్తులు లేవు. కెప్టెన్ గళ్ళు తెల్లగా, ఉతికి ఆరేసిన బట్టల్లా ఉన్నాయి.

కాగడా ఉన్నవాడు ముందు నడవక తప్పదుగా అన్నాడు గుమస్తా. నడక సరే, కాపలా ఎందుకు వేశారని పానా అడిగాడు. ఏదో అలా పడిందని గుమస్తా జవాబు. పానా చార్టు కాగితం అందుకున్నాడు. బోల్టు మర చూసేవాడిలా దాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. కాగితం పలచనిది. ఇటు రాసిన పటాలం గళ్ళ వెనక నుంచి అటు రాసిన డిపో గళ్ళు తేలి కనిపించాయి. ఇటు మూడో వరస కాగడా సిపాయిది. అటు మూడో వరస డ్రైవరమ్మది. మిగతా వరసల్లో అక్కడొకటి ఇక్కడొకటి గుర్తులున్నాయి. ఆ ఒక్క వరస మాత్రం రెండు వైపుల నుంచీ నిండి, వెలుతురు రాకుండా నల్లగా ఉంది.

పానా కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. అప్పటికే కడుక్కున్న చేతులు.

డ్రైవరమ్మ బల్బుని పక్కకు పడుకోబెట్టింది. అది కొంచెం దొర్లితే వేలు అడ్డం పెట్టి ఆపింది.

"అద్దం తగలడానికి ఎన్ని గళ్ళు నిండాలో ఆ పుస్తకంలో ఉందా బాబాయ్?" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అంది.

ఆ రోజు ఆట అక్కడే ఆగింది. డ్రాగన్ రెండో కన్ను తెరవలేదు.

గుమస్తా ఇంటికి వెళ్ళాక అన్నం దగ్గర కూర్చుని ఏం తిన్నాడో చూసుకోలేదని మర్నాడు భార్య పొరుగావిడకు చెప్పింది. ఆయనకు తెలిసిందల్లా ఒకటే. ఆ చార్టు ఆయన ఆలోచించి రాసింది కాదు. ఆలోచించి రాసి ఉంటే కనీసం ఒక కారణం ఉండేది. చెయ్యి తనంతట తానే మూడో వరసకి పోయింది, ఇంట్లో చీకట్లో నడిచేవాడు గోడ తడుముకోకుండా తలుపు దగ్గరికి పోయినట్టు. ఆ వరస వాదించదు. కిటికీ ఊచలు పట్టుకోదు. తెల్లారేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చి, నీలం పుస్తకాన్ని గెలిపించాలనుకున్నాడు. ఆమెకు తాను చేయగల న్యాయం అదేనని ఆయనకు గట్టిగా తోచింది. ఆటలో ఇక మీదట అందరి అలసటా లెక్కలోకి వస్తుంది. కెప్టెన్ కూడా తెల్లవారుజాము కాపలా కాస్తాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఎప్పుడూ లేనిది నిలబడి మాట్లాడాడు. పెద్ద పుస్తకంలో హోదాలున్నాయి, మనుషులు లేరన్నాడు. చిన్న పుస్తకంలో కోతలున్నాయి, కష్టం లేదన్నాడు. సైన్యం కత్తుల మీద నడవదు, నిద్ర మీద నడుస్తుందన్నాడు. ఆ చివరి మాట ముందే తయారు చేసుకున్నట్టు వినేవాళ్ళకు తెలుస్తూనే ఉంది. అది చెబుతున్నంతసేపూ ఆయన డ్రైవరమ్మ వైపే చూశాడు. ఈ పూట ఆమె తనను మెచ్చుకుంటుందని ఎదురుచూశాడు.

చేతులెత్తమన్నారు. కెప్టెన్ పెద్ద పుస్తకానికి ఎత్తాడు. తన నడుం నొప్పికి నీలం పుస్తకం పడదన్నాడు. గుమస్తా నీలానికి ఎత్తాడు. పానా, కాస్త తటపటాయించి, గుమస్తా మొహం చూసి, నీలానికే ఎత్తాడు. ఇక డ్రైవరమ్మ కూడా ఎత్తితే తేలిపోతుంది.

ఆమె పద్నాలుగు పేజీల పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాది ఇది బాబాయ్."

అది ఆట కాదమ్మా, కోతలని ఆయన మళ్ళీ చెప్పబోయాడు. ఆమె ఆయన్ని ఆపడానికి చెయ్యి కూడా ఎత్తలేదు. నెమ్మదిగా, పడుకునే ముందు తలుపు గడియ పెట్టే మనిషిలా మాట్లాడింది.

"పన్నెండు గంటలు తోలి వస్తాను. ఇక్కడ కూడా నేనే అలిసిపోవాలా? ఇక్కడన్నా నా వాడు ఏనుగంత బలంగా ఉండనియ్యండి. డ్రాగన్ మీద తిరగనియ్యండి. నా గళ్ళు ఎన్ని నిండాయో నాకు తెలుసు, దాన్ని బల్ల మీద పెట్టి పాచికతో చూపించక్కర్లేదు." నీలం పుస్తకాన్ని ఆయన వైపు జరిపింది. "పుస్తకం మంచిదే. మీ గదిలో పెట్టుకోండి."

పానా ఎత్తిన చెయ్యి దించి, ఆమె పుస్తకం వైపు మళ్ళీ ఎత్తాడు. కెప్టెన్ ఇద్దరినీ చూశాడు. ఏనుగంత బలం అనే మాట ఆయనకూ నచ్చినట్టుంది. ఆయన చెయ్యి కూడా అటే లేచింది. నడుం నొప్పి లేని సైన్యం ఆయనకు మాత్రం ఎందుకు చేదు?

అలా వచ్చే ఆరేళ్ళకు నియమాలు తేలాయి. గుమస్తా నీలం పుస్తకం చంకలో పెట్టుకుని తన గదికి పోయాడు. ఓడిపోయిన సైన్యాధిపతి కూడా అంత మెల్లగా నడవడు.

గదిలో బల్ల మీద ప్రమాదం ఫారం అలాగే ఉంది. నాలుగు గళ్ళు. నాలుగో దాంట్లో తను పెట్టిన పెన్సిలు టిక్కు. సిరా కలం మూత తీసి చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత కలం పక్కన పెట్టి, బీరువాలోంచి మూడు వారాల చార్టులు తీసి నీలం పుస్తకం తెరిచి లెక్క మొదలుపెట్టాడు. ఆఖరి బస్సుకి ఒక గడి, మరునాడు మొదటి బస్సుకి ఒక గడి, మధ్యలో నిద్ర ఎంత. ఆఖరి బస్సు లోపల పెట్టి తాళాలు ఇచ్చేసరికి పదకొండుంపావు. మొదటి బస్సుకి నాలుగింటికల్లా ఉండాలి. రావడం పోవడం తీసేస్తే ఒక మనిషి కన్ను మూసి తెరిచే వ్యవధి. మూడు వారాల్లో అలాంటివి తొమ్మిది. అరుగు రాయి తగిలిన రోజు అందులో ఒకటి. గేటు స్తంభం రోజు ఇంకోటి. ఆరు గళ్ళు ఎప్పుడో నిండి, పుస్తకంలో చోటు లేక బయటికి పొర్లిపోయాయి.

రబ్బరు తీసుకుని టిక్కు చెరిపాడు. నాలుగు గళ్ళ కింద ఖాళీ జాగాలో, గడి లేనిచోట, సిరాతో రాశాడు. డ్రైవరుకు నిద్రకు వ్యవధి లేకుండా మూడు వారాల్లో తొమ్మిదిసార్లు వరసగా పని వేయబడింది, ఆ చార్టు రాసింది నేను. పొడుగు వాక్యాలు రాసే అలవాటున్న మనిషి. ఆ ఒక్కటి మాత్రం పొట్టిగా రాశాడు. సంతకం పెట్టి, చార్టులు మూడూ గుండుసూదితో గుచ్చి, మనసు మారకముందే మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చాడు.

తిరిగి వచ్చి వచ్చే వారం చార్టు చింపి మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రతి పేరు పక్కనా సన్నగా ఆరు గళ్ళు గీశాడు. సగంలో మూడో వరస దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. చూసినవాళ్ళు ఎవరూ లేరు గనక సరిపోయింది.

శనివారం ఉదయం చార్టు అంటించగానే కెప్టెన్ కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆదివారం మొదటి బస్సు ఆయనకు పడింది. సర్టిఫికెట్టు తీసి ఊచల మధ్య నుంచి లోపలికి పెట్టాడు. గుమస్తా దాన్ని చదివి, దాని గడువు పోయిన ఏడాది వైశాఖంలోనే తీరిందని మర్యాదగా చెప్పి వెనక్కి ఇచ్చాడు. కెప్టెన్ చార్టు మీద చిన్న గళ్ళకేసి చూశాడు.

"ఇదేం రూలు గుమస్తా గారూ? ఏ పుస్తకంలోది?"

"నీలం పుస్తకంలోది."

"అది ఓడిపోయిందిగా నిన్న."

"ఆటలో ఓడింది," అన్నాడు గుమస్తా.

సోమవారం మేనేజరు దగ్గర్నుంచి కాగితం వచ్చింది. డ్రైవరమ్మ పేరు మీద ఉన్న విచారణ ఆపేశారని అందులో ఒక పంక్తి. కింద ఇంకో పంక్తి. చార్టు తయారీలో నిర్లక్ష్యానికి గుమస్తా మూడు రోజుల్లో సంజాయిషీ రాసి ఇవ్వాలి. ఇరవై రెండేళ్ళలో ఆయనకు వచ్చిన మొదటి మెమో. రెండుసార్లు చదువుకున్నాడు. నిర్లక్ష్యం అనే మాట దగ్గర వేలు పెట్టి ఆగాడు. ఎన్నో ఫారాల్లో ఎందరి పేర్ల పక్కనో ఆ మాట రాసిన చెయ్యి ఆయనది. ఈసారి అది సరైన చిరునామాకే వచ్చినట్టు తోచింది. కష్టంగానే ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం పద్నాలుగు పేజీల పుస్తకంతో పటాలం కథ మొదలుపెట్టాలి. బెంచీ మీద ఒక చోటు ఖాళీగా ఉంది. ఆమెకు ఆ రోజు చార్టులో సెలవు. చాలా నెలల తర్వాత పడ్డ సెలవు గనక ఇంటి దగ్గర నిద్రపోతోందని, తలుపు కొట్టినా లేవలేదని ఆ వీధి కండక్టరు ఒకాయన చెప్పాడు. కెప్టెన్ ఆదివారం తెల్లారకముందు లేచిన నిద్ర ఇంకా తీరక, పాచిక చేతిలో పట్టుకునే ఒక పక్కకు ఒరుగుతున్నాడు. ఇరవై ముఖాల్లో ఒకటి ఆయన చెంప మీద అచ్చు పడింది.

పానా బీరువాలోంచి గుర్తులు తీసి పేర్చాడు. బోల్టు, నట్టు, విరిగిన వైపరు. కాలిపోయిన బల్బు చేతిలో పట్టుకుని, కాగడా సిపాయి వంతు ఎవరాడాలని అడిగాడు. ఈ పూటకి నేనే ఆడిస్తాలే అని కెప్టెన్ కళ్ళు మూసుకునే అన్నాడు.

గుమస్తా చెయ్యి చాపి బల్బు తీసుకున్నాడు. చొక్కా అంచుతో దాని మసి తుడిచి, ఒక చేతిరుమాలు నాలుగు మడతలు వేసి, బల్ల చివర దాని మీద పడుకోబెట్టాడు.

"వాడికివాళ సెలవు," అన్నాడు. "మనం చీకట్లో నడుద్దాం."